రోజు విడిచి రోజు: తొమ్మిదో తరగతి హాజరు పట్టీలో దొరికిన కారణం

హైదరాబాద్‌లోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో నేను గణితం చెబుతాను. ఈ కేసు జరిగిన ఏడాది తొమ్మిదో తరగతిలో ఒక సెక్షన్‌కు క్లాస్ టీచర్‌ని. బడికి సరిగా రాని ఒక అమ్మాయి విషయంలో మేం మూడు నెలలు చాలా శ్రమపడ్డాం. ఆ శ్రమలో ఎక్కువ భాగం తప్పుదారిన పోయింది, ఒక చోట కీడు కూడా చేసింది. మరో టీచర్ అదే దారిలో పోకూడదని రాస్తున్నాను. బడి పేరు, బస్తీ పేరు, సంవత్సరం తీసేశాను. తల్లిదండ్రుల పనుల వివరాలు కొంత మార్చాను. తేదీల క్రమం మాత్రం ఉన్నదున్నట్టే ఉంచాను. కేసు మొత్తం ఆ తేదీల్లోనే ఉంది.

నేపథ్యం

మా పిల్లలు చుట్టుపక్కల బస్తీల నుంచి నడిచి వస్తారు. తల్లుల్లో చాలామంది అపార్ట్‌మెంట్లలో ఇంటిపనికి వెళ్తారు. తండ్రులు ఆటో, సెంట్రింగ్, వాచ్‌మన్ పనుల్లో ఉంటారు. అద్దె పెరిగితే, మేస్త్రీ మారితే ఇల్లు మారుతుంది. ఇల్లు మారితే ఒక్కోసారి బడీ మారుతుంది.

రోజూ మేం పైకి పంపేది తరగతివారీ హాజరు శాతం. 40 మంది పిల్లల్లో 36 మంది వస్తే 90 శాతం, బాగానే ఉందంటారు. ఆ రాని నలుగురు రోజుకో నలుగురా, ప్రతిసారీ వాళ్లేనా అన్నది ఆ శాతం చెప్పదు. రోజుకో నలుగురైతే తరగతిలో అందరూ తలా కొంచెం పోగొట్టుకుంటారు. వాళ్లే అయితే ఆ నలుగురి చదువు మునిగిపోతుంది. బయట రెండు తరగతులకూ 90 అనే పేరు. పనిదినాల్లో పదో వంతు, అంతకు మించి పోగొట్టుకున్న పిల్లల్ని దీర్ఘకాలిక గైర్హాజరు కింద లెక్కించే పద్ధతి కొన్ని దేశాల్లో ఉంది. విద్యాహక్కు చట్టం ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా ఏడాదికి 220 పనిదినాలు ఉండాలంటుంది. ఆ లెక్కన 22 రోజులు రాకపోతే గీత దాటినట్టే. నెలకు రెండు రోజులు మాత్రమే కదా అనుకుంటూ ఉండగానే ఏడాది చివరికి గీత దగ్గర నిలబడి ఉంటాం.

తొమ్మిదో తరగతి గురించి ఒక మాట చెప్పాలి. చట్టం ఇచ్చే ఉచిత నిర్బంధ విద్య హక్కు 14 ఏళ్లకు, ఎనిమిదో తరగతికి ఆగిపోతుంది. పదో తరగతికి వస్తే 75 శాతం హాజరు, బోర్డు పరీక్ష, స్పెషల్ క్లాసులు అని అందరి కళ్లూ పిల్లల మీదే ఉంటాయి. మధ్యలో తొమ్మిది ఎవరి కంటా పడదు. నా అనుభవంలో బడి వదిలేసే పిల్లలు పదిలో వదిలినట్టు కనిపించినా, కాలు జారింది తొమ్మిదిలోనే.

సమస్య ఎలా కనిపించింది

ఆ అమ్మాయికి 14 ఏళ్లు. ఎనిమిదిలో లెక్కలు చకచకా చేసేది. జూన్ 12న బడి తెరిచినప్పటి నుంచి ఆగస్టు చివరిదాకా జరిగిన అరవై చిల్లర పనిదినాల్లో 24 రోజులు లేదు. లెక్క ఇంత పెద్దదని ఆగస్టు చివరిదాకా నాకు ఎందుకు తెలియలేదంటే, ఆమె ఎప్పుడూ వరసగా రెండు రోజులు మానలేదు. ఇవాళ రాకపోతే రేపు వస్తుంది. వరసగా వారం పది రోజులు రాని పిల్లల పేర్లు మా దగ్గర విడిగా రాసుకుంటాం, ఇంటికి మనిషిని పంపుతాం. ఈ అమ్మాయి ఏ జాబితాలోనూ ఎక్కలేదు.

నష్టం మొదట నోటుపుస్తకంలో బయటపడింది. బహుపదుల పాఠంలో శేష సిద్ధాంతం చెప్పిన రోజు లేదు. దాని మీద లెక్కలు చేయించిన రోజు వచ్చి కూర్చుంది. కారణాంక సిద్ధాంతం చెప్పిన రోజు మళ్లీ లేదు. పుస్తకంలో లెక్కల జవాబులు పక్క పిల్ల పుస్తకం నుంచి దించుకున్నవే, వాటి వెనక ఉండాల్సిన సూత్రం పేజీ ఖాళీ. వరసగా పది రోజులు మానిన పిల్లకు ఒక పాఠం పోతుంది, కూర్చోబెట్టి చెబితే సరిపోతుంది. ఈమెకు ప్రతి పాఠంలోనూ సగం పోతోంది. ఏది పోయిందో తనకే తెలియదు. ఎఫ్‌ఏ (ఏడాది మధ్యలో బడిలోనే పెట్టే పరీక్ష) మార్కులు పడిపోయాక "నాకు లెక్కలు రావు టీచర్" అనడం మొదలుపెట్టింది.

లీవ్ లెటర్లు మాత్రం క్రమం తప్పకుండా ఇచ్చేది. అన్నింటిలోనూ ఒకే వాక్యం: 'నాకు జ్వరం వచ్చినందున'. ఆరో తరగతిలో మేం నేర్పించిన నమూనా లేఖ అది.

చేసినవి, ఫలించనివి

ముందు ఫోన్ చేశాను. రికార్డులో ఉన్నది తండ్రి నంబర్. ఆయన బండి నడుపుతారు, పగలు ఎత్తరు. రాత్రి ఎత్తితే "పంపిస్త మేడమ్" అనేవారు. రెండు రోజులు పంపేవారు. పంపుతానన్న మాటను నేను పరిష్కారం అనుకున్నాను. పంపడం ఆయన చేతిలో ఉందా, పొద్దున ఆ వేళకు ఆయన ఇంట్లో ఉంటారా అని అడగాలన్న ఆలోచన అప్పుడు రాలేదు.

తర్వాత ఇంటికి వెళ్లాను. బడి అయ్యాక, సాయంత్రం ఐదు గంటలకు. ఒక్క గది ఇల్లు, శుభ్రంగా ఉంది. యూనిఫాం ఉతికి తీగ మీద ఆరేశారు. నాయనమ్మ మంచం మీద ఉంది, మోకాళ్ల నొప్పులు, కానీ తన పనులు తాను చేసుకుంటుంది. తాగుడు లేదు, గొడవలు లేవు, పిల్లను పనిలో పెట్టలేదు. నేను వెతుక్కుంటూ వెళ్లిన కారణాల్లో ఒక్కటీ కనిపించలేదు. కారణం లేదు కాబట్టి పిల్లకే శ్రద్ధ లేదని తేల్చుకుని వచ్చాను. నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఈ నిర్ణయమే. సమస్య పొద్దున ఏడుకూ తొమ్మిదికీ మధ్య ఉంది. నేను వెళ్లింది సాయంత్రం ఐదుకు. గుమ్మం పక్కన బోర్లించి పెట్టిన బిందెల వరస చూశాను కూడా. చూసి దాటిపోయాను.

మూడోది, నెలంతా వచ్చినవాళ్లకు బహుమతి. ఒక పెన్ను, ప్రార్థనలో చప్పట్లు. ఎప్పుడూ వచ్చేవాళ్లే గెలిచారు. ఈమె మొదటి వారంలోనే ఒక రోజు పోగొట్టుకుంది. ఇక ఆ నెలలో గెలిచే వీలు లేదు కాబట్టి మిగతా మూడు వారాలు బహుమతితో ఆమెకు సంబంధమే లేకుండా పోయింది. వచ్చే ఇబ్బంది లేనివాళ్లకు బహుమతి ఇచ్చి, ఇబ్బంది ఉన్నవాళ్లకు చప్పట్లు కొట్టే పని ఇచ్చాం.

నాలుగోది చేయకుండా ఉండాల్సింది. సెప్టెంబర్ మొదటి వారంలో ఎక్కువగా రాని ముగ్గురి హాజరు వరసల్ని పట్టీలోంచి తెల్లకాగితం మీదికి ఎత్తి, ఒకదాని కింద ఒకటి రాశాను. ఆలోచన మంచిదే. ఒక వరస వేరుగా ఉంది. మిగతా రెండు, ఈ అమ్మాయిదీ ఆమె స్నేహితురాలిదీ, దాదాపు ఒకదాన్ని చూసి ఒకటి దించినట్టున్నాయి. ఇద్దరూ ఒకే గల్లీ, ఒకే బెంచీ. స్టాఫ్‌రూమ్‌లో కాగితం చూసిన ప్రతివాళ్లూ ఒకే మాట అన్నారు: ఇద్దరూ మాట్లాడుకుని ఎగ్గొడుతున్నారు, ఎక్కడికో పోతున్నారు. 14 ఏళ్ల ఆడపిల్లలు 'ఎక్కడికో పోతున్నారు' అంటే ఎవరి మనసులోనైనా ఏం మెదులుతుందో అదే నా మనసులోనూ మెదిలింది. ఇద్దర్నీ వేర్వేరు బెంచీల్లో కూర్చోబెట్టాను. ఇద్దరి ఇళ్లకూ ఫోన్ చేసి, పిల్లలు బడికని బయల్దేరి బడికి రావడం లేదేమో, కాస్త చూసుకోండి అన్నాను.

నా దగ్గరున్న ఆధారం ఒక్కటే: ఇద్దరూ ఒకే రోజుల్లో రాలేదు. ఆ ఒక్కదాని నుంచి పిల్లల నడవడి మీదికి దూకాను. ఇద్దర్నీ ఒకే రోజున ఇంట్లో ఆపేది ఏదైనా ఉందా అని ముందు అడగాల్సింది. తరగతిలో దత్తాంశాన్ని చూసి తొందరపడి ముగింపుకు రావద్దని పిల్లలకు చెప్పేది నేనే. స్నేహితురాలి తండ్రి ఫోన్‌లో ఏమీ అనలేదు. నాలుగు రోజులకు ఆ పిల్ల బడికి రావడం పూర్తిగా మానేసింది.

ప్రశ్న మార్చాక

సెప్టెంబర్ మధ్యలో ఒక మధ్యాహ్నం, భోజనాల తర్వాత, మొదటి అమ్మాయిని చెట్టు కింద కూర్చోబెట్టుకున్నాను. అంతకుముందు రోజు ఆమె రాలేదు. ఎందుకు రాలేదని అడిగితే జ్వరం అంటుందని తెలుసు. అందుకని, "నిన్న పొద్దున లేచినప్పటి నుంచి తొమ్మిది దాకా ఏమేం చేశావో వరసగా చెప్పు" అన్నాను. ఇద్దరం తల వంచుకుని కూర్చున్నాం. ఎందుకు అన్న మాట పిల్లల చెవికి నేరం మోపినట్టు వినిపిస్తుంది, ఏమేం చేశావు అంటే కథ చెప్పమన్నట్టు ఉంటుంది. ఈ తేడా నాకు ఆ రోజే తెలిసింది.

"ఐదున్నరకు లేచిన టీచర్. అమ్మ ఆరింటికి పనికి పోయింది. తమ్మునికి చాయ్ పోసిచ్చిన. బిందెలు కడిగిన. ఏడున్నరకు నల్లా వచ్చింది. మా వంతు ఎనిమిదింటికి వచ్చింది. సన్నగ వస్తది గద, నిండేసరికి తొమ్మిదికి పది నిమిషాలు తక్కువైంది. తయారై వచ్చేసరికి గేటు మూసేస్తరు గద టీచర్."

మరి నాకెందుకు చెప్పలేదని అడిగితే ఆశ్చర్యంగా చూసింది. "అందరికీ ఎరికే గద, నల్లా దినం తప్పి దినం వస్తదని."

నాకూ తెలుసు. మా ఇంట్లోనూ నల్లా నీళ్లు రోజు విడిచి రోజే వస్తాయి. కాకపోతే మా అపార్ట్‌మెంట్‌లో అవి సంపులోకి వెళ్తాయి, మోటరు పైకి ఎక్కిస్తుంది. ఏ రోజు వచ్చాయో మాకు తెలియాల్సిన అవసరమే ఉండదు. కృష్ణా నుంచి, గోదావరి నుంచి, మంజీరా నుంచి అన్ని మైళ్లు ప్రయాణం చేసి వచ్చిన నీళ్లు ఆ గల్లీలో చివరి ఇంటికి చేరేది బిందె పట్టుకుని నిలబడ్డ ఒక పిల్ల చేతుల మీదుగా. నెలకు 20 వేల లీటర్ల దాకా నీళ్లు ఉచితమన్న పథకం 2021 నుంచి అమల్లో ఉంది, బిల్లు బాధ తగ్గిన మాట నిజం. నీళ్ల కోసం కాచుకునే వేళకు మాత్రం ఎవరో ఒకరు ఖరీదు కడుతూనే ఉన్నారు. ప్రపంచంలో ఇంటి ఆవరణలో నీళ్లు లేని ప్రతి 10 ఇళ్లలో 7 ఇళ్లకు నీళ్లు తెచ్చే బాధ్యత ఆడవాళ్లదేనని 2023లో యునిసెఫ్, ప్రపంచ ఆరోగ్య సంస్థల నివేదిక చెప్పింది. ఈ అమ్మాయి ఇల్లు ఆ లెక్కలోకి కూడా రాదు. ఆవరణలో నల్లా ఉంది. నాలుగిళ్లకూ అదొక్కటే.

ఆ సాయంత్రం మళ్లీ హాజరు కాగితం తీశాను. అప్పటిదాకా వారాల ప్రకారం చూశాను. సోమవారాలెన్ని, శనివారాలెన్ని అని లెక్కపెడితే అన్నీ ఇంచుమించు సమానంగా వచ్చి, క్రమమేమీ లేదనిపించింది. రోజు విడిచి రోజు వచ్చేది రెండు వారాల్లో వారంలోని ఏడు రోజుల్నీ ఒక చుట్టు చుట్టేస్తుంది, కాబట్టి వారాల్లో కనిపించదు. ఈసారి తేదీలు చూశాను. జూలైలో రాని రోజులన్నీ బేసి తేదీలు. ఆగస్టు మొదట్లో అన్నీ సరి తేదీలు. జూలైకి 31 రోజులు కాబట్టి 31 తర్వాత రోజు విడిస్తే 2వ తేదీ వస్తుంది, బేసి సరి అయింది. ఆగస్టు 20 దాటాక మళ్లీ బేసికి మారడం ఒక్కటే అర్థం కాలేదు. ఆ వారం పైపులైను మరమ్మతు జరిగి ఒక రోజు నీళ్లు ఆగాయని, అప్పటి నుంచి వరస మారిందని తర్వాత గల్లీలో చెప్పారు. ఆదివారాలు, బోనాల సెలవు, రెండో శనివారాలు మధ్యమధ్య పడి వరసను కప్పేశాయి. తల్లికి పని లేని రోజుల్లో, నల్లా త్వరగా వచ్చిన రోజుల్లో ఈమె బడికి వచ్చింది, అవీ కప్పేశాయి. అయినా ఒక్కసారి తెలిశాక ఇక కనిపించకుండా ఉండదు.

అదే రాత్రి స్నేహితురాలి ఇంటికి వెళ్లాను. తలుపు తీసింది తల్లి. పిల్లను అంతకు మూడు రోజుల ముందే అమ్మమ్మ ఊరికి పంపేశారు. "మీరే చెప్పిన్రు గద మేడమ్, ఏడికో పోతుందని. వాళ్ల నాయిన ఇగ ఈడ వద్దన్నడు." నేను పొరపాటు పడ్డానని చెప్పాను. నీళ్ల సంగతి చెప్పాను. "నీళ్ల దినం ఇంట్లనే ఉంటది, నాకు ఎరికే," అంది. "ఆయన నా మాట ఇనలే. టీచరమ్మ చెప్పినంక నా మాట ఏమింటడు?"

గేటు

కారణం తెలిసింది కాబట్టి ముందు నీళ్ల వేళ మార్పించాలని ఎవరికైనా అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది. ఆ ప్రాంతపు లైన్‌మన్‌ను కలిశాను. వాల్వు తిప్పే వేళ తన ఇష్టం కాదని, రిజర్వాయర్‌లో మట్టం, పైనున్న కాలనీల వంతు చూసుకోవాలని ఓపిగ్గా చెప్పాడు. అర్జీ ఇచ్చాం. మూడు వారాలు ఆరున్నరకే వచ్చాయి, మళ్లీ ఏడున్నరకు జరిగాయి. దాని మీద ఆశ పెట్టుకుంటే ఏడాది గడిచిపోతుందనిపించింది.

మరి మా చేతిలో ఉన్నదేమిటి? ఆ పిల్ల చెప్పినదాంట్లో నీళ్లతో పాటు ఇంకో మాట ఉంది: గేటు మూసేస్తారు. నీళ్ల వల్ల ఆమెకు పోయేది అరగంట. ఆ అరగంటను రోజుగా మార్చింది మా గేటు. తొమ్మిది దాటితే మూసి, మొదటి పీరియడ్ అయ్యేదాకా బయట నిలబెట్టి, ఆ తర్వాత మందలించి లోపలికి పంపేవాళ్లం. ఆడపిల్ల ముప్పావు గంట రోడ్డు మీద, పోయేవాళ్లూ వచ్చేవాళ్లూ చూస్తుండగా నిలబడాలి. ఆలస్యమవుతుందని తెలిసిన రోజు ఇంట్లోనే ఉండిపోవడం ఆమె తెలివైన నిర్ణయమే. ఆలస్యాన్ని ఆపాలని పెట్టిన నియమం గైర్హాజరును తయారుచేస్తోంది.

స్టాఫ్ మీటింగ్‌లో పెట్టాను. పెద్దసారు ఒప్పుకోలేదు. ఆయన వాదనలో బలం ఉంది. గేటు వదిలేస్తే నీళ్ల ఇబ్బంది లేనివాళ్లూ ఆలస్యంగా వస్తారు, మొదటి పీరియడ్ సంత అవుతుంది, రోడ్డు మీద తిరిగే పిల్లల్ని లోపలికి చేర్చడానికే ఆ నియమం పుట్టింది. చివరికి ఒక్క నెల చూద్దామన్నారు. మొదటి పీరియడ్ అయ్యేదాకా గేటు తెరిచే ఉంటుంది. వచ్చినవాళ్లు పీఈటీ (వ్యాయామం) సారు దగ్గర ఒక పుస్తకంలో తమ చేత్తో వేళ, కారణం రాసి నేరుగా తరగతిలోకి వెళ్తారు. మందలింపు లేదు. కారణం నిజం రాస్తే చాలు.

మొదటి వారం ఆలస్యంగా వచ్చేవాళ్లు పెరిగారు, పెద్దసారు నా వైపు చూశారు. నెలాఖరుకు పుస్తకంలోని పేర్లను హాజరు పట్టీతో సరిచూస్తే, అందులో ఎక్కువమంది అంతకుముందు ఆలస్యంగా వచ్చేవాళ్లు కాదు, అసలు రానివాళ్లు. పెద్దసారు ఆ రెండు పుస్తకాలూ తానే పక్కపక్కన పెట్టుకుని చూసి, నియమం మారినట్టు నోటీసు బోర్డులో రాయించారు. అలా మనసు మార్చుకోగలిగిన ప్రధానోపాధ్యాయుడు లేకపోతే ఈ కేసు ఇక్కడే ఆగిపోయేది.

ఆ పుస్తకం మాకు ఇంకెన్నో చెప్పింది. చెల్లిని అంగన్‌వాడీలో దింపాలి. నాన్న నైట్ డ్యూటీ నుంచి వచ్చేదాకా ఆగాలి, ఇంట్లో ఒక్కటే తాళంచెవి. నీళ్లు. మళ్లీ నీళ్లు. లీవ్ లెటర్లలో ఏళ్ల తరబడి జ్వరమై కూర్చున్నవన్నీ అక్కడ తమ పేర్లతో కనబడ్డాయి.

రెండు చిక్కులు వచ్చాయి. మొదటిది టైంటేబుల్. క్లాస్ టీచర్ హాజరు వేయాలి కాబట్టి మొదటి పీరియడ్ రోజూ నాదే. అంటే పిల్ల పోగొట్టుకునే అరగంట ప్రతిసారీ గణితంలోంచే పోతోంది. హిందీ పీరియడ్‌తో మార్చుకుందామని అడిగితే ఆ టీచర్, "నా సబ్జెక్టు పోయినా ఫర్వాలేదా?" అన్నారు. న్యాయమైన ప్రశ్న. మొదటి పీరియడ్ రోజుకో సబ్జెక్టు వచ్చేలా తిప్పాం. నీళ్ల రోజు వారంలోని రోజుల్ని చుట్టి వస్తుంది కాబట్టి ఏ ఒక్క సబ్జెక్టు మీదా బరువు పడలేదు. రెండో చిక్కు మధ్యాహ్న భోజనం. లెక్క పొద్దున్నే పంపాలి, అప్పటికి వీళ్లు రాలేదు. ఇక్కడ తేదీల వరస పనికొచ్చింది. రేపు నీళ్ల రోజా కాదా మాకు ముందే తెలుసు. ఆ రోజుల్లో ఎంతమంది ఆలస్యంగా వస్తారో పుస్తకం చూసి, వాళ్లనూ కలిపి లెక్క పంపేవాళ్లం.

గల్లీ

గేటుతో పని అయిపోలేదు. నిద్ర లేచింది మొదలు బిందెలు మోసి, పరుగున వచ్చిన పిల్ల రెండో పీరియడ్‌లో నిద్రపోయేది. ఒక ఆదివారం మధ్యాహ్నం ఆ నాలుగిళ్ల తల్లుల్ని కలిశాను. ఒక పెద్ద డ్రమ్ము కొనిద్దామన్న ఆలోచనతో వెళ్లాను. దాత కూడా దొరికాడు. వాళ్లు విని, "డ్రమ్ము ఏడ పెట్టాలె మేడమ్? పండనీకే జాగ లేదు," అన్నారు. "పైన ఇండ్లోళ్లు మోటర్లు పెడ్తరు, మాకు సన్నగ వస్తది. నల్లా కాడ మనిషి ఉండాలె. మనిషి లేకుంటే వంతు పోతది."

కావలసింది సామాను కాదు, మనిషి. దారి చెప్పింది అంతదాకా మాట్లాడకుండా మంచం మీద కూర్చున్న నాయనమ్మ. తాను మొయ్యలేదు కానీ నల్లా దగ్గర కూర్చోగలదు, పైపు ఒక బిందెలోంచి ఇంకో బిందెలోకి మార్చగలదు. వంతు పోకుండా ఆమె కాచుకుంటే, నిండిన బిందెలు లోపలికి చేర్చడానికి పక్కింటావిడ వస్తుంది. ఆమె పనికి పోయేది పదింటికి. బదులుగా సాయంత్రం ఆమె చిన్నపిల్లవాడిని ఈ అమ్మాయి గంటసేపు కూర్చోబెట్టి చదివిస్తుంది. ఆ ఒప్పందం వాళ్లే చేసుకున్నారు. నేను అక్కడ కూర్చుని విన్నాను, అంతే.

అక్టోబర్ నుంచి ఫిబ్రవరి దాకా ఆ అమ్మాయి మొత్తం ఆరు రోజులు మానింది. ఆలస్యం పుస్తకంలో పేరు చాలాసార్లు ఉంది, తర్వాత తర్వాత తగ్గింది. పోయిన పాఠాల కోసం వారానికి రెండు సాయంత్రాలు కూర్చున్నాం. శేష సిద్ధాంతం అరగంటలో పట్టేసింది.

మార్చి

మార్చి మధ్యలో ఒంటిపూట బడులు మొదలయ్యాయి. గంట ఎనిమిదికే. నల్లా ఏడున్నరకు. ఎండలు ముదిరి నీళ్ల ధార ఇంకా సన్నబడింది, కొన్ని రోజులు నల్లా బదులు ట్యాంకర్ వచ్చేది. ట్యాంకర్‌కు వంతులు ఉండవు, పైపు వేసి పరుగెత్తాలి. నాయనమ్మ వల్ల కాలేదు. రెండు వారాల్లో అమ్మాయి నాలుగు రోజులు మానింది. మా ఏర్పాటంతా ఏడున్నరకూ తొమ్మిదికీ మధ్య ఉన్న గంటన్నర మీద నిలబడిందని, ఆ గంటన్నర తీసేస్తే కూలిపోతుందని ఫిబ్రవరిలోనే ఆలోచించి ఉండాల్సింది. వేళలు మారతాయని క్యాలెండర్‌లో రాసే ఉంది.

ఒంటిపూటలోనూ మొదటి పీరియడ్ అయ్యేదాకా గేటు తెరిచి ఉంచాం. నీళ్ల రోజుల్లో పునశ్చరణ మొదట కాకుండా చివరి రెండు పీరియడ్లలో పెట్టాం. కొంత నిలబడింది, పూర్తిగా కాదు. ఏడాది మొత్తం చూస్తే ఆమె గైర్హాజరు పదో వంతుకు చాలా పైనే ఉంది, మొదటి మూడు నెలలవే 24 రోజులు కదా. అయినా పరీక్షలన్నీ రాసింది, పదికి వచ్చింది. ఈ ఏడాది మార్చి గురించి ఆ తల్లులతో డిసెంబర్‌లోనే కూర్చోవాలని రాసి పెట్టుకున్నాను.

నా పనిలో మారినవి

నెలాఖరున శాతాలు వేశాక ఇప్పుడు ఇంకో పని చేస్తాను. ఎక్కువగా రాని పిల్లల వరసల్ని ఒక కాగితం మీదికి ఎత్తి, రాని రోజులు ఎలా పడ్డాయో చూస్తాను. గుత్తిగా పడితే ఒక రకం, చెదురుగా పడితే ఇంకో రకం, ఇద్దరి వరసలు కలిస్తే మరో రకం. గంటన్నర పని. కలిసిన వరసలు కనిపిస్తే పిల్లల్ని అనుమానించే ముందు వాళ్ల ఇళ్ల మధ్య ఉమ్మడిగా ఏముందో అడుగుతాను: నల్లా, బస్సు, తల్లులు పనిచేసే చోటు, అద్దె కట్టే తేదీ.

ఇంటికి వెళ్తే పొద్దున వెళ్తాను. పెద్దసారు అనుమతితో, నెలకు రెండుసార్లు, బడికి రాకముందు. సాయంత్రం చూసిన ఇల్లూ పొద్దున చూసిన ఇల్లూ ఒకటి కాదు. లీవ్ లెటర్ నమూనాలో జ్వరం తీసేసి కారణం దగ్గర ఖాళీ వదిలాం. ఆరో తరగతి పిల్లలకు నేర్పేటప్పుడు, అసలు కారణం రాయొచ్చు, ఎవరూ కోప్పడరు అని చెబుతున్నాం. రుజువు లేకుండా ఏ ఆడపిల్ల ఇంటికీ నడవడి గురించి ఫోన్ వెళ్లకూడదని స్టాఫ్ అంతా అనుకున్నాం. ఆ మాట ఎంత దూరం పోయి ఏం చేస్తుందో నాకు తెలుసు కాబట్టి, మిగతావి మర్చిపోయినా దీన్ని గుర్తుచేసే పని నేను పెట్టుకున్నాను.

స్నేహితురాలి గురించి. నవంబర్‌లో ఆమె అమ్మమ్మ ఊరి జిల్లా పరిషత్ బడి నుంచి టీసీ కోసం కబురు వచ్చింది. తొమ్మిదిలోనే చేరింది. ఆమె తండ్రిని రెండుసార్లు కలిశాను, హాజరు కాగితం, తేదీల వరస చూపించాను. ఆయన విన్నారు, పిల్లను మాత్రం వెనక్కి తీసుకురాలేదు. టీసీ రాసేటప్పుడు హాజరు గడిలో ఉన్న సంఖ్యను మార్చే వీలు లేదు. పెద్దసారు సంతకంతో ఒక కాగితం విడిగా జతచేశాం. ఈ విద్యార్థిని మా దగ్గర రాని రోజులు నల్లా వచ్చే రోజులని, ఆ రోజుల్లో ఇంట్లో నీళ్లు పట్టిందని, ఆమె గురించి మేం ఒకప్పుడు ఇంటికి చెప్పిన మాట తప్పని అందులో రాశాం. ఒక నకలు తండ్రికి ఇచ్చాను. ఆయన చదవలేరు. మొదటి అమ్మాయి పక్కన నిలబడి చదివి వినిపించింది.